దిగి మోసినా పందెమే

సంక్రాంతి అయిపోయి, అరిసెలు డబ్బా అడుక్కి చేరిన వారం అది. చంద్రగిరి దగ్గర మా పుట్టింట్లో ఉన్నాం. బెల్జియం నుంచి వచ్చిన మా తమ్ముడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని, "అక్కా, ఈ శని ఆదివారాలు మన చెరువు కింద సైకిల్ పందెం పెడదాం" అన్నాడు.

"రోడ్డు మీద లారీలు తిరుగుతా ఉంటాయి. పిలకాయల్ని ఏం చేద్దామని?" అంది అమ్మ.

"రోడ్డు మీద కాదుమా, బురదలో."

అమ్మ వాడి ముఖంలోకి ఒకసారి చూసింది. "ఆ దేశం చలికి వీడికేందో అయింది" అనుకుంటూ లోపలికి పోయింది.

వాడుండేది లూవెన్ అనే ఊళ్లో. అక్కడ చలికాలం వస్తే చాలు, వారం వారం ఎక్కడో ఒకచోట సైక్లోక్రాస్ అనే పందెం జరుగుతుందట. వాడు కూడా మూడేళ్లుగా సరదాకి తొక్కుతున్నాడు. ప్రతిసారీ చివరి పదిమందిలో ఉంటాడని వాడే చెప్పాడు. గడ్డి, బురద, ఇసుక, మెట్లు అన్నీ ఉండేలా రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల దారి గీస్తారు. దాని చుట్టూ మళ్లీ మళ్లీ తిరగాలి. పెద్ద పోటీల్లో మగవాళ్లకి దాదాపు గంటసేపు. దారికి అడ్డంగా చెక్క పలకలు నిలబెడతారు, 40 సెంటీమీటర్ల ఎత్తు దాకా. అక్కడికి రాగానే దిగి, సైకిల్ ఎత్తి, పలక దాటి, మళ్లీ ఎగిరి ఎక్కాలి. తొక్కలేనంత ఏటవాలు వస్తే సైకిల్ భుజానేసుకుని పరిగెత్తాలి.

"దిగితే ఓడిపోయినట్టు కాదా?" అన్నాను.

"కాదక్కా. తొక్కడం ఎంతో, దిగి మోయడం కూడా అంతే పందెం. అందుకే నాకు నచ్చింది."

ఇదంతా ఫ్రాన్సులో మొదలైందట. దానియెల్ గూసో అనే సైనికుడు పూనుకుని 1902లో అక్కడ మొదటి జాతీయ పోటీ పెట్టించాడు. 1910లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ఒక్టావ్ లపీజ్, చలికాలంలో ఇలా బురదలో తొక్కడం వల్లే తనకి బలం వచ్చిందని చెప్పాక అందరికీ దీని మీద గురి కుదిరింది. 1950 నుంచి ప్రపంచ పోటీలు కూడా జరుగుతున్నాయి.

"ఆడవాళ్లకి కూడానా మామా?" అంది మా పాప.

వాడు ఫోన్ చూసి, "ఆడవాళ్లకి 2000లో మొదలైంది. జర్మనీ ఆమె గెలిచింది, హంకా కుప్ఫర్‌నాగెల్" అన్నాడు.

"మరి యాభై ఏళ్లు ఏం చేశారు?"

వాడు నవ్వేశాడు. నేను గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. ఎందుకు వెళ్లానో తర్వాత చెప్తా.

నాన్నకి ఇందులో కొత్తేమీ కనిపించలేదు. "మేము కార్తీకమాసంలో చేసిందదే కదరా" అన్నారు. నిజమే. నాన్న పనిచేసిన బడి వంకకి అవతల. మా వైపు అసలు వానలన్నీ దీపావళి దాటాకే కదా. నవంబరు, డిసెంబరు నెలల్లో వంక పారితే నాన్న చెప్పులు హ్యాండిల్‌కి తగిలించి, పంచె ఎగ్గట్టి, సైకిల్‌ని కుడి భుజం మీద పెట్టుకుని నీళ్లలో దిగేవారు. హాజరు పట్టీ ప్లాస్టిక్ కవర్లో, నడుముకి. ఆ నెలల్లో ఆయన చొక్కాలన్నిటికీ కుడి భుజం మీద తుప్పు మరక ఉండేది. "మాకెవరూ చప్పట్లు కొట్టలేదు, అంతే తేడా" అన్నారు.

కుడి భుజమే ఎందుకని తమ్ముణ్ణి అడిగితే, అక్కడ కూడా అంతేనట. ఎడమ వైపు దిగుతాం కాబట్టి సైకిల్ కుడి వైపుంటుంది. చైన్ కూడా బయటి వైపే ఉండిపోతుంది, ఒంటికి తగలదు. నాన్నకి ఇది ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు మా పాప సైకిల్ సంగతి. చెప్పడానికి కాస్త ఇబ్బందిగానే ఉంది.

మేముండేది తిరుపతిలో, బైరాగిపట్టెడ. పాప ఎనిమిదో తరగతి. ఆరు నుంచి సైకిల్ మీదే బడికి వెళ్లేది. పోయిన ఆగస్టులో పెద్దమనిషి అయింది. ఫంక్షన్ చేశాం. చుట్టాలందరూ వచ్చారు, ఫోటోలు బాగా వచ్చాయి. ఆ తర్వాతి సోమవారం పాప బ్యాగు తగిలించుకుని వచ్చేసరికి గేటు దగ్గర ఆటో ఉంది. సైకిల్ మేడ మీద, టార్పాలిన్ కింద ఉంది.

"బ్రహ్మోత్సవాలు వస్తున్నాయి కదమ్మా, బస్సులు ఎక్కువైపోతాయి" అన్నాను.

బ్రహ్మోత్సవాలు వచ్చాయి, పోయాయి. సైకిల్ మేడ మీదే ఉండిపోయింది. పాప రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. అర్థం చేసుకుందిలే అని నేను సంతోషపడ్డాను కూడా. మా ఆయన కూడా అడిగారు, "ఎందుకు ఆపేశావ్?" అని. ట్రాఫిక్ అన్నాను. ఆయనకి నిజంగానే వేరే కారణం తట్టలేదు. నేను కూడా నాతో అదే చెప్పుకున్నాను.

ఇక పందెం. ఊళ్లో పెద్దవాళ్లు ఒకే ఒక్క షరతు పెట్టారు, చెరువు కట్ట మీద గుంత తవ్వకూడదు, గుంజ పాతకూడదు అని. 2021 నవంబరు వానలకి రాయలచెరువు కట్ట కారుతోందని కింది ఊళ్లన్నీ ఖాళీ చేయించిన రోజులు ఎవరూ మర్చిపోలేదు. స్వర్ణముఖి ఎట్లా పారిందో చూసినవాళ్లు కట్ట మీద పార కూడా పడనివ్వరు. అందుకని కట్టని ఎక్కి దిగడానికి మాత్రమే పెట్టుకున్నాం. పలకలకి బదులు కింద చేలో రెండు అరటి బోదెలు అడ్డంగా వేశాం. చెనిక్కాయలు పీకేసిన చేను, చెరువు అంచున బురద, మొరవ కింద వంకలో మోకాలి లోతు నీళ్లు, ఆపైన కట్ట ఎక్కుడు. అంతా కలిపి ఒక చుట్టు కిలోమీటరు లోపే.

కట్ట మీద వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో నాన్న. చేతిలో పాత హాజరు పట్టీ. ఎవరు ఎన్ని చుట్లు తిరిగారో గళ్లలో గీతలు పెడుతున్నారు. ఆఖరి చుట్టుకి కొట్టడానికి బడి నుంచి ఇనప పట్టా అడిగి తెచ్చారు. మొదటి బహుమతి చిత్తూరు బెల్లం దిమ్మె. రెండోదీ మూడోదీ చెనిక్కాయలు.

సైకిళ్లు చూడాలి మీరు! తమ్ముడి సైకిల్ బెల్జియంలోనే ఉండిపోయింది. అది ఎనిమిది కేజీలట. ఇక్కడున్నవి నాన్నల కాలం నల్ల సైకిళ్లు, బ్రేకుల్లేని రెండు గేర్ల సైకిళ్లు, మిగతావన్నీ తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి అప్పట్లో గవర్నమెంటు ఇచ్చిన బుట్ట సైకిళ్లు. అక్కవి చెల్లెళ్లకి, చెల్లెళ్లవి తమ్ముళ్లకి వచ్చి ఇంకా తిరుగుతున్నాయి.

శనివారం పిలకాయల పందెం. పాప నా దగ్గరికి వచ్చి, "అమ్మా, పేరు రాయించుకోనా?" అంది.

"నీ సైకిల్ ఇక్కడ లేదు కదా" అన్నాను. ఇంత సులువుగా తప్పించుకున్నానే అనుకునేలోపు, పక్కింటి పిల్ల తన బుట్ట సైకిల్ తెచ్చి పాప చేతికిచ్చేసింది. "నాది తీసుకో. నేను బాగా తొక్కలేను, నువ్వు తొక్కు."

పదహారు మంది. విజిల్ వేయగానే అందరూ ఒకేసారి బురదలో పడ్డారు. బుట్ట సైకిల్‌కి మధ్యలో కడ్డీ ఉండదు కాబట్టి భుజానికెత్తుకోవడం కుదరదు. పైగా ఇరవై కేజీలకి తక్కువుండదు. మొదటి చుట్టులో పాప ఒక చేత్తో సీటు, ఇంకో చేత్తో హ్యాండిల్ పట్టుకుని ఎత్తింది. చక్రం తిరిగి మోకాలికి కొట్టుకుంది. రెండో చుట్టుకి కిందకి వంగి ఉండే గొట్టాల్లోంచి చెయ్యి దూర్చి, మోచేతి మడతలో వేసుకుని ఎత్తింది. ఎవరూ చెప్పలేదు. నేను కట్ట మీద నుంచి చూస్తున్నాను. ఎప్పుడు నేర్చుకుంది అనుకున్నాను. అప్పుడే, నా కళ్లముందే నేర్చుకుంది.

మూడో చుట్టులో వంకలో గులకరాళ్ల మీద కాలు జారి పడింది. సైకిల్ మీద పడింది. నేను ఎప్పుడు కట్ట దిగానో నాకే తెలీదు. చీర తడిసిపోయినా చూసుకోకుండా నీళ్లలోకి పోయాను. లేపి, చెయ్యి పట్టుకుని, "చాల్లే రా, చాల్లే" అంటున్నాను.

పాప చెయ్యి విడిపించుకుంది. "అమ్మా, పక్కకి జరుగు. వెనకాల వస్తున్నారు."

కట్ట మీద నుంచి తమ్ముడు, "అక్కా, దారికి అడ్డంగా ఉన్నావు!" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టి జరిగాను. పాప సైకిల్ ఎత్తుకుని కట్ట వైపు పరిగెత్తింది.

పదకొండోది వచ్చింది. మణికట్టు వాచింది. "పుత్తూరుకి పోయి కట్టు కట్టించుకుందామా?" అని అమ్మ అప్పుడే బయల్దేరదీసింది. మా వైపు ఏ ఎముక విషయమైనా ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టే. వేళ్లన్నీ కదుపుతోంది, ఎముకకేమీ కాలేదని తేలాక తడిగుడ్డ కట్టి ఊరుకున్నాం. పొద్దునకి వాపు దిగిపోయింది.

ఆ రాత్రి అరుగు మీద కూర్చుని ఉడకేసిన చెనిక్కాయలు ఒలుచుకుంటున్నాం. తమ్ముడు మంచి హుషారులో ఉన్నాడు. "నాకు ఈ పిచ్చి అంతా నాన్న కొనిచ్చిన ఆ నల్ల సైకిల్ వల్లే. ఆరో తరగతిలో కొనిచ్చినారు, గుర్తుందా?" అన్నాడు.

"అది నాకు కొన్నది" అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. ముప్పై ఏళ్లుగా అనలేదు. వాడు ఆ మాట ఎన్నిసార్లు అనుంటాడో!

నేను ఆరులో చేరినప్పుడు, 1993లో, హైస్కూలు నాలుగు కిలోమీటర్లని నాన్న ఆ సైకిల్ కొన్నారు. సీటు అందక కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. ఎనిమిదిలో పెద్దమనిషినయ్యాను. తర్వాత సైకిల్ లేదు. ఇంకో ముగ్గురు ఆడపిల్లలతో కలిసి నడిచిపోయేదాన్ని. మరుసటేడు తమ్ముడు ఆరులోకి వచ్చాడు. సైకిల్‌కి కొత్త టైర్లు వేయించి వాడికిచ్చారు. కొత్తదనే అనుకున్నాడు వాడు. వాడి తప్పేముంది, చిన్నపిల్లాడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "నాకు తెలీదక్కా" అన్నాడు.

నాన్న తల వంచుకుని పొట్టు ఏరుతున్నారు. నేను ఆయన వైపే చూస్తున్నానని అమ్మ గమనించింది.

"మీ నాయన్ని చూడొద్దు. ఆపింది నేను" అంది. "మామిడితోపు కాడ ఎవడో రెండు దినాలు నీ వెనకాలే సైకిల్ మీద వచ్చినాడంట. పాలు పోసే ఆమె చెప్పింది. నీకు చెప్తే భయపడతావని చెప్పలా."

నాకు వెన్నులో చలి పుట్టింది. ఎవరో వెనకాల వచ్చిన సంగతి నాకసలు తెలీదు. నాకు గుర్తున్నదల్లా ఆ తోపు దగ్గర దిగుడు. తొక్కకుండా వదిలేస్తే బడి గేటు కనబడేదాకా దానంతటదే పోయేది.

"వాణ్ణి ఆపలేదామ్మా?"

"వాణ్ణెట్లా ఆపేది? నిన్ను ఆపడమే సులువు."

అమ్మ తప్పు ఒప్పుకున్నట్టు అనలేదు, సమర్థించుకున్నట్టూ అనలేదు. ఉన్నది చెప్పింది. నాకు మేడ మీది టార్పాలిన్ గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ నా సైకిల్ ఆపించింది నాన్న అనుకున్నాను, ఊరు అనుకున్నాను. ఆపింది నా మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. నా కూతురి సైకిల్ ఆపింది కూడా అలాంటి మనిషే. ఇద్దరికీ భయం నిజమే. కానీ ఆ భయం ఖర్చంతా పిల్ల ఖాతాలో రాశాం.

పాప నిద్రపోయిందనుకున్నాను. దుప్పటిలోంచి చూస్తోంది.

ఆదివారం మా ఆయన వచ్చారు. ఆ రోజు ఆడవాళ్ల పందెం. ఎనిమిది మంది పేర్లిచ్చారు, అందులో నేనొకదాన్ని. "నీకు సైకిల్ వచ్చా?" అని మా ఆయన ఆశ్చర్యపోయారు. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. స్కూటీ నడపడం ఆయనే నేర్పారు, రెండు రోజుల్లో నేర్చుకున్నానని ఇప్పటికీ అందరికీ గొప్పగా చెప్తారు. ఎలా వచ్చిందో ఆయనకి తెలీదు.

మరదలి చుడీదార్ వేసుకున్నా, చున్నీ నడుముకి కట్టుకున్నా. నాన్న నల్ల సైకిల్ తీసుకున్నా. చేలో బాగానే పోయింది. బురదలో చక్రం కూరుకుపోయింది. అరటి బోదె దగ్గర దిగాను, దాటాను, మళ్లీ ఎక్కడానికి మూడుసార్లు పట్టింది. వంక దగ్గర సైకిల్‌ని కుడి భుజం మీద పెట్టుకున్నాను. కడ్డీ సరిగ్గా బొమిక మీద నొక్కుకుంటుంది. నాన్న ఇది రోజూ, రెండు పూటలా చేశారు. నీళ్లలో నాలుగడుగులు వేసేసరికి తెలిసింది అదేమిటో.

కట్ట ఎక్కుతుంటే అంగన్‌వాడీలో ఆయాగా చేసే పిన్ని నన్ను దాటిపోయింది. రోజూ సైకిల్ మీదే పనికి పోతుంది. యాభై దాటిన మనిషి, ఆయాసం కూడా లేదు. నేను రెండో చుట్టులో ఉండగానే ఆమె మూడూ ముగించి బెల్లం దిమ్మె గెలిచేసింది. తమ్ముడు వాళ్ల చిన్న పోటీల్లో ఒక పద్ధతుందట. గెలిచినవాళ్లు గీత దాటాక, మిగతావాళ్లు ఎన్ని చుట్లు వెనకబడి ఉన్నా సరే, తర్వాత గీత దగ్గరికి రాగానే వాళ్లదీ పూర్తయినట్టే. ఆ లెక్కన రెండు చుట్లతో నాదీ అయిపోయింది. ఎనిమిదో స్థానం, ఎనిమిది మందిలో.

నాన్న పట్టీ తెరిచి నా పేరు ఎదురుగా రెండు గీతలు పెట్టారు. పేరు పక్కన పుట్టింటి ఇంటిపేరే రాసున్నారు. నేనేమీ అనలేదు, ఆయనా ఏమీ అనలేదు. తువ్వాలు తీసి నా భుజం మీది తుప్పు మరక తుడవబోయి, "ఇది పోదులే" అన్నారు.

తిరుపతికి వచ్చిన రోజే మా ఆయనా నేనూ కలిసి మేడ మీది సైకిల్ దించాం. ట్యూబులు చచ్చిపోయాయి, బ్రేకు రబ్బర్లు గట్టిపడ్డాయి. సందు చివర పంక్చర్ షాపులో బాగుచేయించాం. నెలాఖరుకి చాలు బాబూ అని ఆటో అబ్బాయికి చెప్పాను.

ట్రాఫిక్ మాత్రం ఎక్కడికీ పోలేదు. కాబట్టి పాపా నేనూ కూర్చుని దారి గీసుకున్నాం. మెయిన్ రోడ్డు తగలకుండా లోపలి సందుల్లోంచి, ఒక్క పెద్ద సర్కిల్ మాత్రం దాటక తప్పదు. ఇంకో మాట కూడా చెప్పాను. అది చెప్పడానికి రెండు రోజులు పట్టింది. "ఎవరైనా వెంటపడినా, ఏమైనా అన్నా నాకు చెప్పు. వాళ్ల సంగతి నేనూ నాన్నా చూసుకుంటాం. చెప్పినందుకు నీ సైకిల్ ఆగదు." పిల్లలు మనకి చెప్పకపోవడానికి సగం కారణం ఇదే కదా, చెప్తే ముందు ఆగేది వాళ్లదే.

"నిజంగా ఆగదా?" అంది.

"ఆగదు."

మొదటి వారం స్కూటీ మీద కాస్త దూరంగా వెనకాలే వెళ్లాను, తనకి తెలీదనుకుని. సర్కిల్ దగ్గరికి రాగానే పాప ఎడమ వైపు దిగింది. బస్సు పోయేదాకా ఆగి, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటి, అవతల మళ్లీ ఎక్కింది.

శనివారం సాయంత్రం బూట్లు విప్పుతూ అంది, "అమ్మా, సోమవారం నుంచి వెనకాల రావద్దులే."